వర్తకమునకు తగిన అక్షరము

మనుష్యునకు ముఖమెట్టిదో అంగడికి నామఫలక మట్టిది. కొనువాడు సరకును చూడకమునుపే పేరును చూచును. పేరును చదువకమునుపే అక్షరముల తీరును చూచును. యజమాని శ్రద్ధాశ్రద్ధలను ఆ తీరే చెప్పక చెప్పును. ఈ సంగతి మన వర్తకు లెరుగనిది కాదు. ఇంగ్లీషు పేరు విషయమున వారు చిత్రకారులను పిలిపించి, పదిరకముల నమూనాలు వ్రాయించి, నెలలకొలది ఆలోచింతురు. తెలుగు పేరు వంతు వచ్చునప్పటికి మాత్రము ఏదో యొక ఫాంటు వేయుమని ఫ్లెక్సీలు అచ్చువేయువానికి విడిచిపెట్టుదురు. మా విచారమంతయు నీ భేదమును గూర్చియే.

ఇటీవల మేమొక బట్టల దుకాణముపై "వస్త్రాలయము" అనుటకు మారుగా "వస్‌త్‌రాలయము" అని యుండుట చూచితిమి. వత్తులను కూర్చనేరని సాఫ్ట్‌వేరులో పేరును కొట్టి, సరిచూడక అచ్చువేయుటవలన కలిగిన దుర్గతి యిది. దాని ప్రక్కనే ఇంగ్లీషు పేరు బంగారు వన్నెతో నిగనిగలాడుచుండెను! వేరొకచోట ఆసుపత్రి పేరును పెండ్లిపత్రికల వంపుసొంపులతో వ్రాయించిరి. రోగముతో వచ్చినవానికి కావలసినది సొగసా, స్పష్టతయా?

మాటకు వలెనే అక్షరమునకును స్వభావము కలదు. దళసరియై నిటారుగ నిలుచు నక్షరము దార్ఢ్యమును తోపించును; గుండ్రనై మెత్తనైనది చనువును తెలుపును; సన్నని వంపులు గలది నాజూకును సూచించును. ఆటబొమ్మల కంపెనీకి ముద్దైన అక్షరము బ్యాంకునకు నగుబాటు. కావున ముందుగా వర్తకుడు తన సంస్థ యెట్టిదో నిశ్చయించుకొని, పిదప అక్షరమును వెదకవలయును. ఒకసారి యెన్నుకొన్నదానిని ఫలకముపైనను, రసీదుపైనను, సంచిపైనను, సెల్‌ఫోను తెరపైనను విడువక వాడవలయును. దినమునకొక వేషము వేయువానిని ఎవరు గుర్తింతురు?

జనులు అక్షరములను గమనింపరనువారికి రెండు దృష్టాంతములు చాలును. 2010లో అమెరికాలోని గ్యాప్ అను బట్టల కంపెనీ తన చిరపరిచితమైన పేరు రూపును మార్చగా, కొనుగోలుదారులు ఆక్షేపించిరి. సుమారు వారము దినములలో కంపెనీ పాతరూపునకే మరలినది. స్వీడను దేశపు ఐకియా సంస్థ 2018లో భారతదేశమున తన మొదటి అంగడిని హైదరాబాదున తెరచినది. మరుసటియేట, తాను వాడుచున్న వెర్డానా అక్షరములను విడిచి నోటో అను అక్షరకుటుంబమును స్వీకరించినది. నోటో ప్రపంచమునందలి లిపులను ఒక్క పోలికతో చూపుటకై నిర్మింపబడినది. అందు తెలుగును కలదు. పరదేశపు వర్తకుడు పెక్కు లిపులకు చోటుగల అక్షరమును వెదకికొనుచుండగా, తెలుగు వర్తకుడు తన లిపినే మరచుట తగునా?

సాధనములు లేవందురా? అమెరికాలోని తెలుగువారి సంస్థయగు సిలికానాంధ్ర అందించిన రామభద్ర, మండలి, సూరన్న మొదలగునవియు, ఏక్ టైప్ వారి బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు అనునవియు వెల లేకయే దొరకుచున్నవి. వ్యాపారమున వాడుటకును అనుమతి కలదు. ఇవి చాలవనువారు రూపకర్తకు తగిన ప్రతిఫలమిచ్చి క్రొత్తవానిని చేయించుకొనవచ్చును. దొంగనకళ్లతో పని గడుపుకొనుట మాత్రము మర్యాద కాదు.

ఎన్నుకొనునపుడు చేయవలసిన పరీక్ష కష్టమైనది కాదు. మొదట తన సంస్థ పేరును, పిమ్మట "స్త్రీ", "క్ష్మి", "ష్ఠ" వంటి క్లిష్టాక్షరములను ఆ ఫాంటులో వ్రాయించి చూడవలయును. వత్తులు క్రింది పంక్తిని తాకుచున్నవా? ప, ఫ, ష అనువాని భేదము తెలియుచున్నదా? వీధి కావలి ప్రక్కనుండి ముసలివాడొకడు తడుముకొనక చదువగలడా? అదే పేరు సెల్‌ఫోనులో గోరంతయైనపుడు నిలుచునా? మందుల చీటీలపై ఈ పరీక్ష మరింత ముఖ్యము. అచ్చట అక్షరము అస్పష్టమైనచో పోవునది గిరాకి గాదు, ప్రాణము.

ఇంగ్లీషును తొలగింపుడని మేము చెప్పుటలేదు. దానికి చూపిన శ్రద్ధలో సగమైన తెలుగునకు చూపుడని మాత్రమే కోరుచున్నాము. తన వాకిటనే తన భాషను చింపిరిగుడ్డలతో నిలువబెట్టిన యజమాని సరకు నాణ్యమును గూర్చి యెంత చెప్పినను వినువాడెవడు?