వెలుగొచ్చింది, కేసు పోయింది

మతం పెట్టినాయన మామూలుగా చనిపోయాడంటే భక్తులకి ఎందుకో మనసొప్పదు. ఏదో ఒక వింత జరిగి తీరాల్సిందే. ఈ విషయంలో ఏ మతమూ తక్కువ తినలేదు. "పోనిద్దురూ, నమ్ముకుంటే ఎవరికి నష్టం?" అంటారు చాలామంది. నష్టం ఉందనే నేనంటాను. మోర్మన్ల చరిత్రే చూడండి.

మోర్మన్ మతస్థాపకుడు జోసెఫ్ స్మిత్‌ని 1844 జూన్ 27న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, కార్తేజ్ అనే ఊరి జైల్లో చంపేశారు. మొహాలకి మసి పూసుకున్న గుంపొకటి జైలు మీద పడి, అతన్నీ అతని అన్న హైరమ్‌నీ కాల్చేసింది. రక్షణ కల్పిస్తానని గవర్నరు ముందే మాటిచ్చాడు కూడా. స్మిత్ ప్రవక్తో కాదో మీరూ నేనూ తేల్చక్కర్లేదు. విచారణ కాకుండానే ఖైదీని చంపడం హత్యే. ఇందులో రెండో మాట లేదు.

హత్య జరిగినప్పుడు విలియం డేనియల్స్ అనే అతను అక్కడే ఉన్నాడు. 1845లో అతని పేరు మీద ఓ చిన్న పుస్తకం వచ్చింది. స్మిత్ తల నరకడానికి ఒకడు కత్తి పట్టుకు రాబోతే ఆకాశం నుంచి మెరుపులాంటి వెలుగు దిగిందట, తుపాకులు పట్టుకున్నవాళ్ళు కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయారట! భక్తులకి ఇంకేం కావాలి?

అదే ఏడాది మే నెలలో ఐదుగురి మీద హత్యకేసు విచారణకొచ్చింది. ప్రాసిక్యూషన్‌కి ముఖ్యమైన సాక్షి ఈ డేనియల్సే. నిందితుల లాయర్లు ఆ వెలుగు కథని పట్టుకుని అతన్ని ఉతికి ఆరేశారు. చివరికి ప్రాసిక్యూటర్ జొసయా లాంబోర్న్ తనే, ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టెయ్యమని జ్యూరీకి చెప్పేశాడు. ఐదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు. దీనివల్లే కేసు పోయిందని నేననను. జ్యూరీలో ఒక్క మోర్మనూ లేడు, జైలు గదిలో ప్రాణాలతో బయటపడ్డ ఇద్దరూ సాక్ష్యం చెప్పడానికి రాలేదు. కానీ ఉన్న ముఖ్య సాక్షి పరువు తీసింది మాత్రం ఆ వెలుగే.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన సంగతే. లాగ్ ఫైల్లో ఎవరో చేత్తో రాసి ఇరికించిన లైను ఒక్కటి కనబడితే చాలు, మిగతా వెయ్యి లైన్లనీ ఎవడూ నమ్మడు.

కోర్టులో జరగని న్యాయాన్ని కథల్లో జరిపించుకున్నారు తర్వాత. హంతకులంతా కుళ్ళి కుళ్ళి చచ్చారని ప్రచారం. 1975లో డాలిన్ ఓక్స్, మార్విన్ హిల్ ఆ కేసు మీద పుస్తకం రాస్తూ అసలు సంగతి తవ్వితీశారు. నిందితుల్లో జేకబ్ డేవిస్ అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. స్మిత్ మీద విషం కక్కిన పత్రికా సంపాదకుడు థామస్ షార్ప్ జడ్జీ అయ్యాడు! ఇది రాసింది నాలాంటి బయటివాళ్ళు కూడా కాదు, ఇద్దరూ మోర్మన్లే. ఓక్స్ అయితే 2025లో ఆ చర్చికే అధ్యక్షుడయ్యాడు. నిజం చెప్పినందుకు మతమేమీ కూలిపోలేదు.

చంపినవాళ్ళకి దేవుడే శిక్ష వేశాడని నమ్మితే, మనుషులు వెయ్యలేదన్న సిగ్గు ఇంకెవరికుంటుంది? నా గొడవంతా అదే. నిరాయుధుల మీదో ఖైదీల మీదో గుంపు పడి చంపిన చోట వెలుగులు వెతక్కండి. ఎవరు కాల్చారు, ఎవరు చూస్తూ ఊరుకున్నారు, ఎవరు వదిలేశారు... ఇవి రాసిపెట్టుకుంటే చాలు.