‘దైవకణం’ కాదు, హిగ్స్ కణం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాలలోనూ పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే మన పిల్లలకు ‘దైవకణం’ అనే మాట ఎదురవుతుంది. ఆ పేరు విని కలవరపడే పెద్దలూ ఉన్నారు, ఆ పాఠాన్నే వదిలేసే పిల్లలూ ఉన్నారు. ఆ పేరు 1993లో లియోన్ లెడర్‌మన్ అనే శాస్త్రవేత్త తన పుస్తకానికి పెట్టుకున్నది మాత్రమే. హిగ్స్‌కు సైతం అది నచ్చలేదు. సృష్టికర్త అల్లాహ్ ఒక్కడే. ఆ కణం సృష్టిలో భాగమే. కనుక పేరును పక్కన పెట్టి విషయంలోకి వెళదాం.

ముందుగా, ద్రవ్యరాశి అంటే ఏమిటి? నారాయణగూడ కూడలిలో ఖాళీ తోపుడు బండిని సులువుగా కదిలించవచ్చు. పండ్లు నిండిన బండిని కదిలించడమూ కష్టమే, కదిలాక ఆపడమూ కష్టమే. ఆ మొండితనానికి కొలతే ద్రవ్యరాశి.

బండి ద్రవ్యరాశి పండ్లది, పండ్లది వాటిలోని పరమాణువులది. మరి అంతకన్నా చిన్న భాగాలు కనిపించని ఎలక్ట్రాన్‌కు అది ఎక్కడిది? 1964లో పీటర్ హిగ్స్, విడిగా ఫ్రాన్స్వా ఆంగ్లేర్, రాబర్ట్ బ్రౌట్ ఒక మార్గం చూపారు. 1967లో స్టీవెన్ వైన్‌బర్గ్ దానిని ఎలక్ట్రాన్‌కూ అన్వయించారు. శూన్యమనుకున్న చోట కూడా ఒక క్షేత్రం వ్యాపించి ఉంది. దానితో ఎంత గాఢమైన సంబంధముంటే కణానికి అంత ద్రవ్యరాశి. టాప్ క్వార్క్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కు సుమారు 3,40,000 రెట్లు. కాంతి కణానికి ఆ సంబంధం లేదు, ద్రవ్యరాశీ లేదు.

దీనిని తేనెలో కదిలే చెంచాతో పోల్చుతారు. ఆ పోలిక సరికాదు. తేనె చెంచాను ఆపేస్తుంది; ఈ క్షేత్రం సాగిపోతున్న కణాన్ని ఆపదు. వేగం మార్చబోయినప్పుడే మొండితనం బయటపడుతుంది.

ఈ క్షేత్రానికి సాక్ష్యమైన హిగ్స్ కణం కనిపించిందని జెనీవా వద్దనున్న సెర్న్ సంస్థ 2012 జూలై 4న ప్రకటించింది. మరుసటి ఏడాది హిగ్స్, ఆంగ్లేర్‌లకు నోబెల్ లభించింది. అక్కడి 27 కిలోమీటర్ల వలయంలోని అయస్కాంతాలను కాపాడే విద్యుత్ పరికరాల తయారీలో మన హైదరాబాదు ఈసీఐఎల్‌కూ పాలు ఉంది.

పరీక్షల పుస్తకాలు తరచుగా వదిలేసే మాట ఒకటుంది. 25 కిలోల బియ్యం బస్తాలో ఈ క్షేత్రం వల్ల కలిగినది సుమారు పావు కిలో మాత్రమే. మిగిలినదంతా ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల క్వార్కులను బంధించి ఉంచే శక్తి. శక్తే ద్రవ్యరాశిగా తూగుతుందని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పారు.

అలాగని ఆ పావు కిలో అల్పమైనది కాదు. ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి లేకుంటే పరమాణువే నిలవదు. బియ్యమూ ఉండదు, బస్తా మోసే మనమూ ఉండము. పిల్లలు ఈ పాఠాన్ని భయపడక చదవాలి. ఇంట్లో పెద్దలు వారిని ఆ బియ్యం బస్తా లెక్క అడగాలి.