"జాగ్రత్తగా వెళ్ళు" అంటే సరిపోతుందా?

పొద్దున్నే పిల్లలు బడికి బయల్దేరుతుంటే మనమందరం గుమ్మంలో నిలబడి ఒకటే మంత్రం చదువుతాం: "జాగ్రత్తగా వెళ్ళు నాన్నా!" ఆ జాగ్రత్త అంటే ఏమిటో మాత్రం ఎవరమూ చెప్పం.

పోయిన నెల మావాడిని కూరగాయలకి వెంట తీసుకెళ్ళాను. రెండో తరగతి. నాకు ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో ఫోను. ఇక వాడిని పట్టుకోవడానికి చెయ్యేదీ? నేను బేరమాడుతుండగానే వాడు అరచెయ్యి అడ్డంగా చాపి, ఎటూ చూడకుండా రోడ్డు మీదకి దిగిపోయాడు. బైకతను బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి రెండు తగిలించబోతే, "నువ్వూ అలాగే చెయ్యి చూపించి వెళ్తావు కదమ్మా!" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు.

నిజమే కదండీ! డివైడరు సందుల్లోంచి పిల్లల్ని బరబరా ఈడ్చుకుంటూ పరిగెత్తేది మనమే. మన చెయ్యి చూసి డ్రైవరు ఆగుతాడేమో గానీ, ఆగి ఉన్న కారు వెనక నుంచి వచ్చే పిల్లాడి తల కూడా అతనికి కనిపించదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో 32 వేల మందికి పైగా నడిచి వెళ్తున్నవాళ్ళే. అంటే రోజుకి దాదాపు 90 మంది.

నేర్పాల్సినవి బ్రహ్మవిద్యలేమీ కావు. ఫుట్‌పాత్ లేనిచోట, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన నడవాలి. చిన్నపిల్లల్ని బండ్లు లేని వైపు ఉంచుకుని, వేలు కాదు, మణికట్టు పట్టుకోవాలి. స్కూలు బస్సు దిగాక దాని ముందు నుంచి దాటకూడదు, అది వెళ్ళేదాకా ఆగాలి. వన్‌వే అయినా రెండు వైపులా చూడాలి. రాంగ్‌రూటులో వచ్చే ఆటోలకి మన దగ్గర కొదవా?

"అంత టైమెక్కడిదండీ" అంటారు. సీరియల్లో ప్రకటనలు అయ్యేదాకా ఆగుతాం, రోడ్డు దగ్గర రెండు నిమిషాలు ఆగలేమా? "అసలు ఫుట్‌పాత్‌లు ఏవీ" అనీ అంటారు. ఉన్నవాటి మీద ర్యాంపు కట్టింది, పూలకుండీలు పెట్టింది, స్కూటీ నిలిపింది ఎవరు? మున్సిపాలిటీని తిట్టాల్సిందే. కానీ ముందు మన గేటు ముందున్న కుండీలు లోపలికి తీసుకున్నాక తిడదాం. నేను మా రెండూ తీసేశాను.

పిల్లలు మన నోటి నుంచి నేర్చుకోరు, మన కాళ్ళని చూసి నేర్చుకుంటారు. అందుకే రేపటి నుంచి గుమ్మంలో మంత్రం మానేసి, ఒక్క వారం వాళ్ళతో కలిసి నడవండి. ఆగాల్సిన చోట ముందు మీరు ఆగండి. నిన్న సాయంత్రం నేను తొందరపడి అడుగు ముందుకేస్తే, మావాడే నా చీర కొంగు పట్టి లాగాడు: "ఆగమ్మా, ఇంకో ఆటో ఉంది."

సిగ్గేసింది. ఆనందంగానూ అనిపించింది.