ప్రశ్న పేరుతో అభియోగం

2011 ఆగస్టు 4న ఉత్తర లండన్‌లోని టాటన్‌హామ్‌లో మార్క్ డగ్గన్ అనే యువకుడు పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆ తరువాత రేగిన అల్లర్లు ఇతర నగరాలకూ పాకాయి. ఆగస్టు 9న బీబీసీ వార్తా ఛానల్ సీనియర్ పాత్రికేయుడు డార్కస్ హౌ అభిప్రాయం కోరింది. ట్రినిడాడ్‌లో పుట్టి, అర్ధశతాబ్దం బ్రిటన్‌లో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన వ్యక్తి ఆయన. నల్లజాతి యువకులను పోలీసులు అకారణంగా ఆపి సోదా చేస్తున్నారనీ, తన మనవడికీ ఆ అనుభవం తప్పలేదనీ ఆయన చెబుతున్నారు. అల్లర్లు మీకు కొత్త కాదు కదా, మీరూ పాల్గొన్నవారే కదా అన్న అర్థంలో వ్యాఖ్యాత ప్రశ్నించారు. తానెన్నడూ ఏ అల్లర్లలోనూ పాల్గొనలేదనీ, వృద్ధుడినైన తనకు కాస్త గౌరవమివ్వాలనీ ఆయన గట్టిగా బదులిచ్చారు. ఆ ప్రశ్న అడిగిన తీరు సరిగా లేదని బీబీసీ తరువాత క్షమాపణ చెప్పింది.

ఆ క్షమాపణతో లెక్క సరిపోయిందని మేము భావించడం లేదు. లండన్ నాటింగ్ హిల్‌లోని మాంగ్రోవ్ రెస్టారెంటుపై పోలీసుల వరుస దాడులను నిరసిస్తూ 1970లో ఒక ప్రదర్శన జరిగింది. అందుకుగాను హౌతో సహా తొమ్మిదిమందిపై అల్లర్ల నేరం మోపారు. 1971లో ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో 55 రోజులు విచారణ సాగింది. హౌ తన వాదన తానే వినిపించుకుని నిర్దోషిగా బయటపడ్డారు. తొమ్మిదిమందిలో ఎవరిపైనా అల్లర్ల నేరం రుజువు కాలేదు. నలభై ఏళ్ల కిందట న్యాయస్థానంలో వీగిపోయిన అభియోగం టీవీ తెరపై ప్రశ్న రూపంలో తిరిగివచ్చింది. సోదాల గురించి ఆయన చెప్పదలచిన మాట ఆ వాగ్వాదంలో మునిగిపోయింది. అసలు నష్టం అదే.

అమెరికాలో 2006 నవంబరులో ఇటువంటిదే మరొకటి జరిగింది. ఆ దేశ కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం, ఆఫ్రికన్ అమెరికన్ అయిన కీత్ ఎల్లిసన్‌తో టీవీ వ్యాఖ్యాత గ్లెన్ బెక్ మాట్లాడుతూ, మీరు మా శత్రువులతో కలిసి పనిచేయడం లేదని నిరూపించండని అడగాలనిపిస్తోందన్నారు. తన దేశభక్తి తన నియోజకవర్గ ప్రజలకు తెలుసనీ, దానిని నిరూపించుకోవలసిన అవసరం లేదనీ ఎల్లిసన్ నిబ్బరంగా చెప్పారు.

నాయకులను నిలదీయవద్దని మేము అనడం లేదు. 1997లో జెరెమీ పాక్స్‌మన్ బ్రిటన్ మాజీ హోంమంత్రి మైకేల్ హోవర్డ్‌ను ఒకే ప్రశ్న దాదాపు డజను సార్లు అడిగారు. ఆ ప్రశ్న జైళ్ల అధిపతి విషయంలో మంత్రిగా ఆయన వ్యవహరించిన తీరుకు సంబంధించినది. రుమేనియా నుంచి వలస వచ్చిన యూదు తండ్రికి ఆయన పుట్టారన్న సంగతితో దానికి పని లేదు. అధికారంలో ఉన్నవారు చేసిన పనికి జవాబు రాబట్టడం పాత్రికేయ ధర్మం. మనిషి వర్ణాన్నో మతాన్నో చూసి సంజాయిషీ కోరడం పోలీసు ఠాణా పద్ధతి.

ఈ తేడా మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. మన టీవీ చర్చల్లో స్కాలర్‌షిప్పుల గురించో వక్ఫ్ భూముల గురించో మాట్లాడదామని వెళ్లిన ముస్లిం ప్రతినిధి, ఎక్కడో ఎవరో చేసిన ఘాతుకాన్ని ముందు ఖండించవలసి వస్తుంది. ఖండించేసరికి సమయం అయిపోతుంది. స్కాలర్‌షిప్పు ఊసు మిగలదు.

అందుచేత చర్చలకు వెళ్లే మనవారికి మా విన్నపం ఒకటే. ప్రశ్నలో దాగిన అభియోగాన్ని ఒక్క వాక్యంలో తోసిపుచ్చండి, వెంటనే వెళ్లిన పని మీదికి రండి. కోపం న్యాయమైనదే అయినా, కత్తిరించి చూపేది ఆ కోపాన్నే. కార్యక్రమం హద్దు మీరితే తేదీ, సమయం, అన్న మాటలు రాసిపెట్టుకుని మొదట ఛానల్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జవాబు తృప్తికరంగా లేకపోతే, ఆ ఛానల్ సభ్యత్వం ఉన్నదైతే, న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ అండ్ డిజిటల్ స్టాండర్డ్స్ అథారిటీని ఆశ్రయించండి. హౌకు బీబీసీ క్షమాపణ చెప్పింది ఆ ప్రశ్నను జనం ఊరకే పోనివ్వనందువల్లనే.