స్పెషల్ టీచర్ కొలువు: పోటీ తక్కువని కాదు, పని తెలిసి రండి

మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో డీఎస్సీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మీకు ఈమధ్య ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే ఉంటారు: ‘స్పెషల్ ఎడ్యుకేషన్ చేసెయ్, పోటీ తక్కువ.’ అందులో నిజం లేకపోలేదు. రాష్ట్ర ప్రభుత్వం 2025లో 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. వీటిలో 1,136 ఎస్జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు. వీటి వెనుక సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఇచ్చిన తీర్పు ఉంది. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మంది పిల్లలకు ఒక టీచరు, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒకరు ఉండాలన్నది లెక్క.

అవకాశం మంచిదే. కానీ పోటీ తక్కువన్న ఒక్క కారణంతో వచ్చేవాళ్లు ఈ దారికి రాకపోతేనే మేలు. లెక్కల టీచరు ఒక పాఠం సరిగా చెప్పకపోతే పిల్లలు ట్యూషన్‌లో నేర్చుకుంటారు. స్పెషల్ టీచరు పిల్లవాణ్ని తప్పుగా అర్థం చేసుకుంటే, ఆ తప్పు పేరు వాడి వెంట ఏళ్ల తరబడి నడుస్తుంది.

ఒక ఆరేళ్ల పిల్లవాణ్ని ఊహించుకోండి. పిలిస్తే పలకడు. పుస్తకం తీయమంటే విసిరేస్తాడు. ‘వాడు మొండోడు సార్’ అంటుంది బడి. ‘వాళ్ల నాయన కూడా ఆలస్యంగానే మాట్లాడినాడు, వాడికే వస్తుందిలే’ అంటుంది అవ్వ. ఈ రెండు మాటల మధ్యే మీ ఉద్యోగం మొదలవుతుంది.

మొదట ప్రవర్తన. పిల్లవాడు చేసిన పనిని మాత్రమే కాదు, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అన్నవీ రాసుకోవాలి. చదివే పీరియడ్ రాగానే పుస్తకం విసిరాడు, టీచరు బయటకు పంపారు అనుకోండి. మీకది శిక్షలా కనిపిస్తుంది. చదవలేక అవస్థ పడుతున్న వాడికి మాత్రం అది విడుదల! రేపు మళ్లీ విసురుతాడు. అక్కడ బాగు చేయాల్సింది మొండితనాన్ని కాదు, చదవడంలోని ఇబ్బందిని.

రెండోది కమ్యూనికేషన్. అసలు వినిపిస్తోందా లేదా అన్న పరీక్ష అన్నిటికన్నా ముందు జరగాలి. ఉచ్చారణ సమస్య, నత్తి, భాష ఒంటబట్టకపోవడం వేర్వేరు సంగతులు. మాట సరిగా రాని చాలామంది పిల్లలు చెయ్యి పట్టి లాగుతారు, వేలితో చూపిస్తారు, మీ కళ్లలోకి చూసి నవ్వుతారు. మాట లేకపోయినా ఏదో చెప్పాలన్న తపన కనిపిస్తుంది.

మూడోది ఆటిజం. ఇక్కడ తేడా మాటలో మాత్రమే ఉండదు, ఎదుటి మనిషితో కలిసే తీరులోనే ఉంటుంది. కొందరు అసలు మాట్లాడరు. కొందరు గడగడా మాట్లాడతారు కానీ మీ వంతు వచ్చిందని గమనించరు. విన్న మాటనే మళ్లీ మళ్లీ పలకడం, రోజూ ఒకే దారిన వెళ్లాలని పట్టుబట్టడం, బడిగంట మోతకు చెవులు మూసుకోవడం కొందరిలో కనిపిస్తాయి. ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీ కూడా ఒకే పిల్లవాడిలో ఉండొచ్చు. అందుకే ఒక లక్షణం చూసి పేరు పెట్టేయకూడదు. నిర్ధారణ డాక్టర్లు, నిపుణుల పని. వాళ్లకు పనికొచ్చేలా చూసింది చూసినట్టు రాసివ్వడం మీ పని.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. కుప్పం చుట్టూ తమిళం, కన్నడం, తెలుగు కలిసే ఉంటాయి. మదనపల్లె, పుంగనూరుల్లో ఉర్దూ ఇళ్లూ ఉన్నాయి. ఇంట్లో తమిళం గలగలా మాట్లాడి, తెలుగు బడిలో కొన్నాళ్లు నోరు విప్పని పిల్లకు జబ్బేమీ లేకపోవచ్చు. కొత్త భాషను వింటోంది, అంతే. అసలైన భాషా లోపమైతే వాడే భాషలన్నిటిలోనూ బయటపడుతుంది. ‘మూడు భాషలు వింటున్నాడు, అందుకే మాటలు రాలేదు’ అని ఏళ్లు గడిపేయడమూ పొరపాటే. ఎక్కువ భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. ఇంటి భాష మానేయమని తల్లికి చెప్పాల్సిన పనీ లేదు. ఇక్కడ పుట్టి పెరిగి, ఆ అవ్వతో ఆమె భాషలోనే నాలుగు మాటలు మాట్లాడగల మీకు ఈ తేడా పట్టుకునే వీలు బయటివాళ్లకన్నా ఎక్కువ.

‘ఇదంతా సేవ కదా, జీతం సంగతేంటి?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఈ పని చేస్తున్నవాళ్లు ఏళ్లుగా కాంట్రాక్టు పద్ధతిలోనే నెట్టుకొస్తున్నారు. రెగ్యులర్ పోస్టుల కోసం గట్టిగా అడగాల్సిందే. దీన్ని దయాధర్మం అన్నంతకాలం జీతమూ దయగానే వస్తుంది. ఇది నైపుణ్యం ఉన్న వృత్తి. 1995 నాటి చట్టం గుర్తించిన 7 వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, ఆటిజాన్నీ, మాట-భాష లోపాలనూ, అభ్యసన లోపాలనూ చేర్చింది. చట్టం పేరు గుర్తించింది. క్లాసులో పిల్లవాణ్ని గుర్తించే మనుషులే చాలినంతమంది లేరు.

రావాలనుకుంటే రెండు జాగ్రత్తలు. మీరు చేరబోయే కోర్సుకు, ఆ కాలేజీకి ఈ ఏడాది రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. కోర్సు పూర్తయ్యాక ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ లేనిదే ఈ వృత్తిలో పనిచేయడానికి వీల్లేదు. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలో జాతీయ సంస్థ. ఇంటర్ సైన్స్ చదివి స్పీచ్ థెరపీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది.

దరఖాస్తు నింపే ముందు ఇంకో పని చేయండి. మీ మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లి, అనుమతి తీసుకుని, వారం రోజులు ఓ మూల కూర్చోండి. ఒక్క పిల్లవాణ్నే గమనించండి. ఏం చేశాడు, అంతకుముందు ఏమైంది, ఆ తర్వాత ఏమైంది అన్నది నోట్‌బుక్‌లో రాయండి. నాలుగో రోజుకు విసుగొస్తే వేరే నోటిఫికేషన్ చూసుకోండి, తప్పేం లేదు. రేపు ఇంకేం కనిపెడతానో అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.