ఆ వైరును పిల్లల్నే కత్తిరించనివ్వండి

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డుల హడావిడి అయిపోయాక ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచారు. వాళ్లబ్బాయి ఎనిమిదో తరగతి, మా హ్యామ్ రేడియో క్లబ్బులో ఉన్నాడు. "సార్, నాలుగు శనివారాలైంది. ఇంకా ఆ వైరు కొలుస్తూనే ఉన్నారట. రెడీమేడ్ యాంటెన్నా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదా, ఎంతవుతుందో చెప్పండి, నేనే కొనిస్తాను" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే కొనివ్వడానికి సిద్ధపడి అడిగారు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా తలూపారు.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. వరుసలో వెనక ఇంకా చాలామంది ఉన్నారు, నాకూ వెంటనే మాట తోచలేదు. ఇప్పుడు ఈ పేజీ దొరికింది కాబట్టి జవాబు ఇక్కడ చెబుతున్నాను. దయచేసి కొనకండి.

నేను ఈ క్యాంపస్‌లో టీచర్ని కాను. తొమ్మిదో తరగతి అమ్మాయి తండ్రిని. హ్యామ్ లైసెన్సు ఉంది కాబట్టి శనివారాలు వచ్చి పిల్లలతో రెండు గంటలు కూర్చుంటాను. కాబట్టి ఇది స్కూలు తరఫు మాట కాదు, నా అభిప్రాయం.

ముందు ఆ నాలుగు శనివారాలు ఏం జరిగిందో చెప్పాలి. మేం కడుతున్నది డైపోల్. యాంటెన్నాల్లో ఇంతకంటే సులువైనది లేదు. రెండు సమానమైన వైరు ముక్కలు, మధ్యలో కేబులు, అంతే. ఎలక్ట్రికల్ షాపులో ఇళ్ల వైరింగుకు అమ్మే మామూలు వైరే. మధ్య భాగాన్ని వేపచెట్టు కొమ్మ మీదుగా నైలాన్ తాడుతో పైకి లాగుతాం. రెండు కొసల్నీ అటూ ఇటూ వాలుగా దించి కడతాం. కొమ్మ మీదకు తాడు వెయ్యడానికి సగం నీళ్లున్న ప్లాస్టిక్ సీసాను తాడుకు కట్టి విసురుతారు. ఈ ఒక్క పనికే పిల్లలు గంటసేపు పోటీ పడ్డారు, అది నేను ఒప్పుకోవాలి. పని అయిపోయాక వైరంతా సంక్రాంతి గాలిపటాల చరఖాకు చుట్టేస్తే బ్యాగులో పట్టేస్తుంది.

వైరు ఎంత పొడవుండాలి? పుస్తకంలో సూత్రం ఉంది. 143ను మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. మాకు కావలసింది 7.1. అంటే 20.14 మీటర్లు, ఒక్కో పక్క పది మీటర్ల చిల్లర. మన పిల్లలు ఈ లెక్కను అర నిమిషంలో చేసేస్తారు. చేసేసి, "అయిపోయింది సార్" అంటారు.

అయిపోలేదు. మా మొదటి జట్టు కాస్త ఎక్కువే ఉంచి, పక్కకు 10.30 చొప్పున మొత్తం 20.60 మీటర్లు కట్టింది. అరచేతిలో పట్టే కొలత పరికరం ఒకటుంది, దాన్ని కేబులుకు తగిలిస్తే తెర మీద లోయలాంటి గీత కనిపిస్తుంది. లోయ అడుగు ఎక్కడుంటే వైరు ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర పలుకుతోందన్నమాట. వీణ తీగకు శ్రుతి ఎలాగో దీనికీ అలాగే. తీగ పొడవు ఎక్కువైతే స్వరం కిందికి దిగుతుంది. పిల్లల లోయ 6.80 దగ్గర కనిపించింది. సూత్రం ప్రకారం అదే పొడవుకు 6.94 రావాలి.

"సూత్రం తప్పా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. నేను నాలుగు వారాలుగా ఎదురు చూస్తున్నది ఆ ప్రశ్న కోసమే.

తప్పు కాదు. సూత్రం చెప్పేది ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రమే. వైరు మీద ప్లాస్టిక్ తొడుగుంది, అది సంకేతాన్ని కొంచెం నెమ్మదింపజేస్తుంది. కొసలు నేలకు దగ్గరగా ఉన్నాయి. పక్కన ఇనుప కంచె ఉంది. వీటిలో ఏదీ పుస్తకంలోని అంకెకు తెలియదు. కాబట్టి ఇక్కడి చెట్టు, ఇక్కడి నేల ఏం చెబుతున్నాయో కొలిచి, మళ్లీ లెక్క వెయ్యాలి. ఉన్న పొడవు 20.60ని 6.80తో గుణించి 7.10తో భాగిస్తే 19.73 మీటర్లు. అంటే మొత్తం 87 సెంటీమీటర్లు తగ్గాలి. పుస్తకం చెప్పిన పొడవుకూ, ఈ వేపచెట్టు అడిగిన పొడవుకూ 41 సెంటీమీటర్ల తేడా.

ఇక్కడే రెండో జట్టు దెబ్బ తింది. వాళ్ల వైరు కూడా అదే పొడవు, లోయా అక్కడే. 87 సెంటీమీటర్లు తగ్గించాలని సరిగ్గానే లెక్కేశారు. అయితే అది రెండు పక్కలకూ కలిపి అని మర్చిపోయి, పక్కకు 87 చొప్పున కత్తిరించేశారు. లోయ ఎగిరి 7.43కు పోయింది. హ్యామ్‌లకు ఇచ్చిన పరిధి 7.2 దగ్గరే ముగుస్తుంది. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. కత్తిరించినబ్బాయి ముఖం చూడలేకపోయాను. తర్వాత వాళ్లలో వాళ్లే వాదించుకుని, ఎక్కడ తప్పు జరిగిందో నోటుబుక్కులో పట్టుకున్నారు. కింద పడేసిన ముక్కలు వెతికి తెచ్చి, పక్కకు 43 సెంటీమీటర్ల పైచిలుకు అతుకు వేశారు. అతుకు వేసిన వైరూ చక్కగానే పనిచేస్తుంది. ఆ అతుకులు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి మీద టేపు చుట్టి ఆ రోజు తారీఖు రాసుకున్నారు.

మూడో జట్టు తెలివైనది. వాళ్లు కత్తిరించనే లేదు. కొసను వెనక్కి మడిచి వైరుకే చుట్టేశారు. అలా చేసినా పొడవు తగ్గినట్టే. తేడా వస్తే విప్పుకోవచ్చు. అనుభవమున్న హ్యామ్‌లూ చేసేది అదే. నేను చెప్పలేదు, పక్కజట్టు కష్టం చూసి నేర్చుకున్నారు.

రెడీమేడ్ కొంటే ఇదంతా ఉండదు. పైగా తమాషా ఏమిటంటే, కొన్నది కూడా ఇక్కడ కట్టాక మళ్లీ సరిచేసుకోవాల్సిందే. తయారుచేసిన చోట దాన్ని ఏ ఎత్తులో, ఏ నేల మీద సరిచేశారో మన గ్రౌండుకు తెలియదు కదా! అప్పుడు మన పిల్లలకు కత్తెర పట్టే ధైర్యం ఉండదు. ఎందుకంటే అది డబ్బులు పెట్టి కొన్న వస్తువు.

ఇక నా సొంత విషయం. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను.

పోయిన వేసవిలో మా అమ్మాయి అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద తనంతట తాను ఒక చిన్న డైపోల్ కట్టుకుంది. 14 మెగాహెర్ట్జ్‌ది, మొత్తం 10.30 మీటర్లు. లోయ 13.60 దగ్గర వచ్చింది. రెండు సాయంత్రాలు దానితో కుస్తీ పట్టింది. మర్నాడు ఆదివారం, నా స్నేహితులు ఇంటికి వస్తున్నారు. వాళ్లూ హ్యామ్‌లే. వాళ్ల ముందు కూతురి యాంటెన్నా చక్కగా పనిచేస్తే బాగుంటుందని నాకు ఆశ. రాత్రి తను పడుకున్నాక పైకి వెళ్లి పక్కకు 20 సెంటీమీటర్లు కత్తిరించి, లోయను 14.15 దగ్గరికి తెచ్చి, ఏమీ ఎరగనట్టు కిందికి వచ్చేశాను.

పొద్దున్నే తను కొలిచింది. నోటుబుక్కు చూసుకుంది. మళ్లీ కొలిచింది. టేపు తెచ్చి వైరు పొడవు చూసింది. కిందికి వచ్చి, "నాన్నా, నువ్వు కోసేశావా?" అని మాత్రం అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. గొడవ చెయ్యలేదు, ఏడవలేదు. నోటుబుక్కు మూసి అలమారలో పెట్టేసింది. రెండు వారాలపాటు టెర్రస్ ఎక్కలేదు. ఆ రోజు స్నేహితులు యాంటెన్నా చూసి మెచ్చుకుంటుంటే తను వంటింట్లోంచి బయటికి రాలేదు.

ప్రాజెక్టు మోడళ్లు రాత్రి పదకొండింటికి మన చేతుల్లో తయారవడం మనందరికీ తెలిసిన సంగతే. థర్మాకోల్ అతికించింది ఎవరో టీచర్లకూ తెలుసు, మనకూ తెలుసు. అక్కడ పిల్లలు పెద్దగా పట్టించుకోరు, ఆ మోడల్‌కు సొంత కొలత ఏదీ ఉండదు కాబట్టి. వైరు దగ్గర అలా కుదరదు. నిన్నటి అంకె నోటుబుక్కులో ఉంటుంది.

"ఇది ఏ పరీక్షకు పనికొస్తుంది?" అని కొందరు అడిగారు. ఫిజిక్స్‌లో తరంగదైర్ఘ్యం, అనునాదం చదివే పిల్లలకు పనికొస్తుందని చెప్పి తప్పించుకోవచ్చు. అది నిజమే కానీ నా జవాబు అది కాదు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్‌కు వెళ్లింది. అక్కడినుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడటం వాళ్ల పని, ఒకరకంగా సరదా పనే. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదాకని కట్టుకున్న ఆ స్టేషనే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య కబుర్లు చేరవేసింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్న మనవాళ్లకు ఫోను కలవక ఎంత అల్లాడామో మనలో చాలామందికి గుర్తుంది. అలాంటి పూట కొరియర్‌లో యాంటెన్నా రాదు. ఉన్న వైరు, దొరికిన గడ, తెలిసిన చెయ్యి, ఇవే ఉంటాయి.

భయాల గురించి కూడా సూటిగా చెబుతాను. కరెంటు తీగలు కనిపించే చోట మేం తాడు విసరం. మబ్బు పట్టి ఉరిమితే వైరు దించేసి లోపలికి వస్తాం, ఇందులో బతిమాలడాలు ఉండవు. ప్రసారం చేసేటప్పుడు వైరు కొసల దగ్గర వోల్టేజీ ఎక్కువ, అందుకే వాటిని చెయ్యి అందని ఎత్తులో కడతాం. మాట్లాడేది లైసెన్సు ఉన్నవాళ్లే, ప్రస్తుతానికి నేనొక్కడినే. పన్నెండేళ్లు నిండిన పిల్లలు పరీక్ష రాసి రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు తీసుకోవచ్చు. తొందరేమీ లేదు, అప్పటిదాకా వినొచ్చు, కొలవొచ్చు.

ఖర్చు సంగతికొస్తే, కొనాల్సినవి లేకపోలేదు. కొలత పరికరం కొనాలి, మంచి కేబులు కొనాలి. కొనిస్తానన్న ఆ తండ్రిగారికి నా విన్నపం ఇదే. రెండో కొలత పరికరం ఒకటి కొనివ్వండి. ఒక్కదాని కోసం మూడు జట్లు వరుసలో నిలబడుతున్నాయి. వైరును మాత్రం వాళ్లకే వదిలెయ్యండి.

యాజమాన్యానికి కూడా ఒక మాట. ఈ క్లబ్బుకు గ్రేడ్లు పెట్టాలన్న ఆలోచన ఉందని విన్నాను. వద్దండి. గ్రేడ్లు పెట్టిన మరుక్షణం రెండో జట్టు ఆ అతుకుల్ని దాచేస్తుంది. వీకెండ్ టెస్టు పడ్డప్పుడల్లా ముందు శనివారం క్లబ్బునే రద్దు చెయ్యడం కూడా ఆపగలిగితే సంతోషం. టెస్టులు ముఖ్యం కాదని నేననను, నా కూతురూ రాస్తోంది. నెలలో రెండు శనివారాలు ఖాయమని చెబితే చాలు.

నాలుగో శనివారం మధ్యాహ్నం మొదటి జట్టు వైరు 7.09 దగ్గర నిలిచింది. నా సెట్టు పెట్టి పిలిచాను. బయటికి వెళ్లేది 20 వాట్లు, ఒక ఎల్ఈడీ ట్యూబ్‌లైటు కింద లెక్క. మూడోసారి పిలిచాక రాజమహేంద్రవరం వైపు నుంచి ఒక పెద్దాయన పలికారు. "సిగ్నల్ బాగుంది, ఏం యాంటెన్నా?" అని అడిగారు. "పిల్లలు కట్టిన డైపోల్, వేపచెట్టుకి" అన్నాను. "ఎంత పొడవు వచ్చిందేంటి చివరికి?" అని ఆయన అడిగేసరికి నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి ఐదారు గొంతులు "పందొమ్మిది పాయింట్ ఏడు మూడు!" అని అరిచాయి. మైకు నా చేతిలోనే ఉంది, ఆయనకు వినిపించే ఉంటుంది.

వచ్చే శనివారం మూడో జట్టు వంతు. వాళ్ల లోయ ఇంకా 7.16 దగ్గరే ఉంది, మడత కొంచెం విప్పాలి. పిల్లలతో టోపీ, నీళ్ల సీసా పంపండి. సీసా ప్లాస్టిక్‌దైతే మంచిది, స్టీలుదైతే చెట్టు మీదకు విసరనివ్వను.