నుమాయిష్‌కి వచ్చినోళ్ళు మ్యూజియంకి ఎందుకు రారు?

జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా మా వారాసిగూడ, తార్నాక జనాలకి సాయంత్రమైతే ఒకటే ధ్యాస, నుమాయిష్. కాశ్మీరు శాలువాలు, డ్రైఫ్రూట్లు, మిర్చీ బజ్జీలు, జెయింట్ వీలు... ఏటా అవే, అయినా ఏటా వెళ్తారు. నేనూ వెళ్తాను కాబట్టి వెక్కిరించడం లేదు.

నా గోల వేరే. ఆ నాంపల్లి మైదానం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర పురావస్తు మ్యూజియం ఉంది. అందులో ఈజిప్టు మమ్మీ ఉంది, అజంతా చిత్రాల నకళ్ళున్నాయి, శాతవాహనుల నుంచి కాకతీయుల దాకా నాణేలున్నాయి. నుమాయిష్ గేట్లు తెరిచేది సాయంత్రం నాలుగింటికి. మ్యూజియం తలుపులు మూసేది ఐదింటికి. శుక్రవారం అసలు తెరవరు. పక్కపక్కనే ఉన్న ఈ రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకునేది రోజుకి గంటసేపు!

మొదట్లో ఇలా లేదు. నుమాయిష్ మొదలుపెట్టింది ఏ వ్యాపారులో కాదు, మా పక్కనున్న ఉస్మానియా యూనివర్సిటీ పట్టభద్రుల సంఘం, 1938లో. ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939లో, అంటే నుమాయిష్ దానికన్నా ఏడాది పెద్ద. హైదరాబాద్ రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేద్దామనుకున్నారు, దానికి డబ్బుల కోసం స్థానిక వస్తువుల ప్రదర్శన పెట్టారు. దాదాపు వంద స్టాళ్ళు, పది రోజులు. ఎక్కడనుకున్నారు? ఆ పబ్లిక్ గార్డెన్స్‌లోనే. అప్పటికే మ్యూజియం ఆ తోటలో ఉంది. 1946లో నుమాయిష్ ఇప్పుడున్న మైదానానికి మారిపోయింది. జనం కూడా దాంతోపాటే వెళ్ళిపోయారు, మ్యూజియం మాత్రం తోటలోనే ఉండిపోయింది.

"మనవాళ్ళకి మ్యూజియంలంటే ఆసక్తి లేదండీ" అనేవాళ్ళని ఒకసారి మధ్యాహ్నం పన్నెండింటికి సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్ళాలి. గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, అంతే. దానికోసం పిల్లాజెల్లాతో ముందే వచ్చి కూర్చుంటారు జనం. టైముకి ఏదో ఒకటి జరుగుతుందంటే వస్తారు, ఊరికే అద్దాల వెనక పెట్టి పొద్దస్తమానం చూడమంటే రారు. నుమాయిష్ సూత్రమూ అదే, ఆ నలభై ఆరు రోజులు దాటితే మళ్ళీ ఏడాది దాకా దొరకదు.

మరి ఆ నలభై ఆరు రోజులూ మ్యూజియంని రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచితే ఏం పోతుంది? నుమాయిష్‌లో ఒక స్టాల్ తీసుకుని రోజుకో వస్తువు బొమ్మ పెట్టి, "దీని కథ ఏడింటికి అక్కడ చెప్తాం" అని బోర్డు పెట్టాలి. డబ్బులు చేతులు మారే చోటు నుంచి పాత నాణేల దగ్గరికి మనిషిని నడిపించడం అంత కష్టమా? బెర్లిన్‌లో 1997 నుంచి మ్యూజియంలు కలిసి ఒక రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచుతున్నారు. మనకి అంత కూడా అక్కర్లేదు, జనం ఎలాగూ వీధి అవతల దాకా వచ్చేశారు.

భద్రత అంటారు. 2018లో పురానీ హవేలీలో నిజాం మ్యూజియం నుంచి బంగారు టిఫిన్ డబ్బా పోయింది (తర్వాత దొరికిందనుకోండి), అది మ్యూజియం మూసి ఉన్న వేళ జరిగింది. జనం తిరుగుతున్నప్పుడు కాదు. ఇక సిబ్బంది సంగతి నిజమైన ఇబ్బందే. ఉన్నవాళ్ళ చేతే పొద్దున్నించి రాత్రి దాకా చేయించమని నేననను, మా ఐటీ వాళ్ళం ఆ బాధ బాగా ఎరుగుదుం. రెండో షిఫ్టుకి మనుషుల్ని పెట్టాలి, డబ్బులివ్వాలి. ముందు నాలుగు శనివారాలు చేసి చూడొచ్చు, మా భాషలో పైలట్ అంటాం.

అది జరిగేలోగా ఆదివారం మనమే చేసుకోవచ్చు. రెండింటికల్లా తార్నాకలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి నాంపల్లిలో దిగితే మ్యూజియం. తర్వాతి స్టేషన్ గాంధీభవన్, అక్కడ నుమాయిష్. పిల్లలకి ముందు మమ్మీని చూపించండి, బజ్జీలు తర్వాత. ఈ వరస తిరగేస్తే మాత్రం మ్యూజియం మూసేస్తారు.